ఉమ్మెత్త దిబ్బ దగ్గర మలుపు

జిల్లా బోర్డు ఓవర్సీరు ఇమాముద్దీన్ గారు బుధవారం ఉదయం తొమ్మిది గంటల వేళ, ఎడమచేత ప్లానూ కుడిచేత కొలత గొలుసు కొసా పట్టుకుని, చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డు పక్కన ఇరవై ఏడు అడుగులు తిన్నగా నడిచి, ఇరవై ఎనిమిదో అడుగు పెంటయ్య పెంటగొయ్యిలో వేశారు. గొయ్యి పైన ఎండి, అట్టకట్టి, అచ్చం నేలలాగే ఉంది. లోపల సంగతి వేరు. ఆయన నడుం దాకా దిగాక ఆగారు. టోపీ తలమీదే ఉంది. ప్లాను పట్టుకున్న చెయ్యి పైకెత్తే ఉంచారు కనక కాగితం తడవలేదు. గొలుసు రెండో కొస పట్టుకున్న కూలి, అయ్యగారు లోతు కూడా కొలుస్తున్నారనుకుని, గొలుసు బిగించి పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడికి అందరికన్నా దగ్గరి గడప మంత్రసాని దేముడమ్మది. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి. ఎవరికి ఏమైనా ముందు నీళ్ళు కాచడం ఆవిడకి యాభై ఏళ్ళ అలవాటు. అందుకని ఇప్పుడు కూడా మొదట పొయ్యి రాజేసి, ఆ తర్వాతే ఓవర్సీరు గారిని పైకి లాగడానికి మనుషుల్ని కేకేసింది.

"అంత సదువుకున్నోరు. కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. సూసుకోవద్దా బాబూ?" అంది, ఆయన కాళ్ళమీద వేణ్ణీళ్ళు పోస్తూ.

"ప్లానులో గొయ్యి లేదమ్మా," అన్నారాయన చాలా మర్యాదగా.

"మరేటున్నాయి అందులో?"

గోతిలోంచి లాగించిన మనిషి అడిగితే చెప్పకపోవడం బాగుండదని ఆయన కాగితం విప్పి చూపించారు. "ఇదిగో, ఇది రోడ్డు. ఇక్కడ ఈ ఉమ్మెత్త దిబ్బని చుట్టి వంకరగా పోతోంది. బస్సులూ బెల్లం లారీలూ తిరగలేకపోతున్నాయి. దిబ్బ తవ్వేసి తిన్నగా తీస్తాం. ఈ ఎర్ర గీత అదే. పల్లం పూడ్చడానికి మట్టి కూడా దగ్గర్లోనే దొరికినట్టవుతుంది."

"దిబ్బ మట్టి రోడ్డుకేస్తారా?"

"ఆఁ. పైన కంకర పోసి రోలరు తొక్కిస్తాం. పోరంబోకు కదా, ఎవరి ఆస్తీ కాదు. అభ్యంతరం చెప్పేవాళ్ళు కూడా ఉండరు."

చెంబులో నీళ్ళు అయిపోయాయి. దేముడమ్మ ఖాళీ చెంబునే ఆయన పాదాల మీద ఇంకా వంచుతూ ఉంది. ఓవర్సీరు గారు మొహమాటస్థుడు. కాళ్ళు అలాగే పెట్టి ఉంచారు.

దేముడమ్మకి మంత్రసాని పని అత్తగారి నుంచి వచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి వెనక సంచీ మోస్తూ మొదలుపెట్టి, అత్తగారు పోయాక సంచీ తనే భుజాన వేసుకుంది. బుచ్చయ్యపేట నుంచి కూడా ఆవిడ కోసం బండి కట్టి పంపేవారు. ఊళ్ళో సగం మంది తొలి కేక విన్నది ఆవిడేనని అందరూ చెప్పుకుంటారు. ఆ మాట బాగానే ఉంటుంది. దాని వెనకాల ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. కేక వెయ్యని వాళ్ళుంటారు. వేసి, పది రోజులకే మానేసినవాళ్ళుంటారు. అంత పసివాళ్ళకి కట్టెలు పేర్చరు, కర్మలు చెయ్యరు. తల్లి పురిటి మంచం దిగకూడదు. తండ్రి వీధి అరుగు మీద తలొంచుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటాడు. అప్పుడు దేముడమ్మే ఆ బిడ్డని పాత చీర ముక్కలో చుట్టి, భుజానికి ఆనించుకుని, జో కొడుతున్నట్టే వీపు నిమురుతూ దిబ్బకి తీసుకెళ్ళేది. బొరిగెతో తవ్వేది. కుక్కలు రాకుండా పైన ముళ్ళకంప వేసేది. మేకలు తొక్కకుండా చుట్టూ ఉమ్మెత్త నాటేది. ఉమ్మెత్తాకు మేక ముట్టదు. యాభై ఏళ్ళకి దిబ్బంతా తెల్లటి ఉమ్మెత్త పూలయింది. చూసినవాళ్ళు పాడుదిబ్బ అనుకుని ఆమడ దూరంలో నడిచేవారు. అలా నడవాలనే ఆవిడ నాటింది.

తల్లులు మాత్రం వడ్డాది సంతకి పోతూ ఆ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. ఊరికే ఆగితే ఎవరైనా ఎందుకని అడుగుతారు. అందుకని "ముల్లు గుచ్చుకుంది" అని పాదం ఎత్తి చూసుకునేవారు. తోటివాళ్ళు నాలుగడుగులు ముందుకి నడిచి, అటు తిరిగి నిలబడేవారు. ముల్లు దొరికిందా అని ఏ ఆడదీ ఇంకో ఆడదాన్ని అడిగిన పాపాన పోలేదు.

దేముడమ్మకి పిల్లలు పుట్టలేదని ఊరంతా అనుకునేది.

శనివారం సాయంత్రం బడి అరుగు మీద పంచాయతీ మీటింగని, రోడ్డు సంగతి మీద ఎవరికే అభ్యంతరమున్నా వచ్చి చెప్పుకోవచ్చని చాటింపు వేశారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడు. సర్కారు అభ్యంతరాలు అడగడం కొత్త కాబట్టి, లేనివాళ్ళు కూడా ఒకటి తయారుచేసుకుని వచ్చారు.

ప్రెసిడెంటు పరదేశినాయుడు గారు కుర్చీలో కూర్చున్నారు. మనిషి మంచివాడు, పట్టుదల గలవాడు. కిందటేడు ఆ మలుపులోనే బస్సు తగిలి చెరుకుబండి ఎద్దు కాలు విరిగినప్పటి నుంచి, రోడ్డు తిన్నగా తీయించాలని బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగి సాధించుకొచ్చాడు. ఆయనకున్న చిన్న ఇబ్బందల్లా తన పేరే. నలుగురు ఆఫీసర్లలో 'పరదేశి' అని చెప్పుకోడానికి నామోషీగా ఉండి, 'పి.డి. నాయుడు' అని బోర్డు రాయించాడు. పి.డి. అంటే ఏమిటండీ అని కొత్తవాళ్ళు అడిగితే ఆయనకి దగ్గు వచ్చేది.

ముందుగా కాఫీ హోటలు బంగార్రాజు లేచాడు. "రోడ్డు తిన్నగైపోతే బస్సు జోరు మీద ఎల్లిపోద్ది, నా హోటలు కాడ ఆగదు."

"నీ కాఫీ ఒకపాలి తాగినోడు మళ్ళీ ఎలాగా ఆగడు గదరా!" అన్నారు వెనక నుంచి. అందరూ నవ్వారు. పంచాయతీ గుమస్తా సత్యారావు నవ్వకుండా రాసుకున్నాడు. నవ్వితే గీత వంకరపోతుంది. ఇంకెవరో ఎండబెట్టిన మిరపకాయల మీద పడే దుమ్ము గురించి చెప్పారు. అదీ రాసుకున్నాడు.

మెట్ల కింద నుంచి దేముడమ్మ లేచి నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది. పురుడు పొయ్యడానికి వెళ్ళేటప్పుడు కట్టే చీర అది.

"నువ్వెందుకొచ్చేవే దేముడమ్మా? నీకేటి భూముందని?" అన్నాడు సత్యారావు.

"భూమి లేదు బాబూ. భూమిలో ఉన్నారు."

"ఎవరు?"

"పిల్లలు."

ఊళ్ళో మొట్టమొదటిసారి ఆ మాట పగటిపూట, మగవాళ్ళ మధ్య, పైకి వచ్చింది. గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ దిబ్బ తవ్వకండి," అంది దేముడమ్మ. "యాభై ఏళ్ళ నుంచి ఒక్కొక్కళ్ళనే పడుకోబెట్టేను. పార పెడితే లెగిసిపోతారు."

సత్యారావు చెడ్డవాడు కాదు. కాని చేతిలో ఫారం ఉంది. ఫారంలో పేరు, ఊరు, అభ్యంతరం అని మూడు గళ్ళున్నాయి. అలవాటుగా అనేశాడు: "పేర్లు సెప్పు, రాసుకుంటాను."

"పేరు పెట్టేదాకా ఉంటే అక్కడికెందుకెల్తారు బాబూ."

సత్యారావు కలం ఫారం మీంచి తీసేశాడు. ప్రెసిడెంటు గారు ఇబ్బందిగా కదిలారు. "మాకూ మనసుంది దేముడమ్మా. కాని బోర్డుకి పంపాలంటే కాగితం మీద ఏదో ఒకటి ఉండాల గదా. పేరూ లేదు, ఊరూ లేదు అంటే ఎవరి తరపున రాస్తాం?"

దేముడమ్మ జనంలోకి చూసింది.

"ఒరే పెంటయ్యా, లే."

పెంటయ్య గాభరాగా లేచాడు. "ఆ గొయ్యి ఆవేళే కప్పేసేనే అత్తా! ఓవర్సీరు బాబుకి దణ్ణం కూడా పెట్టేను!"

నలుగురు నవ్వారు. దేముడమ్మ నవ్వలేదు. "గొయ్యి మాట కాదురా. నీకా పేరెందుకు పెట్టేరో సెప్పు."

"నా ముందోళ్ళు ఇద్దరు దక్కలేదంట. అందుకని నన్ను పుట్టగానే పెంట మీద పడేసి, ఎవరో పారేసుకున్నోణ్ణి ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చేరంట. అలాగైతే సావు కన్ను పడదని..." అంటూ ఉండగానే గొంతు తగ్గిపోయింది.

"ఆ ఇద్దరూ ఎక్కడున్నారు?"

పెంటయ్య దిబ్బ ఉన్న వైపు తిరిగాడు. మళ్ళీ కూర్చోలేదు.

"తవిటయ్యా, నువ్వో?"

గానుగ దగ్గర బెల్లం వండే తవిటయ్య లేచాడు. "నన్ను నువ్వే గదే అత్తా, దోసెడు తవుడిచ్చి కొన్నావు. మళ్ళీ మా అమ్మకి తిరిగిచ్చీసేవు."

"నీ ముందోళ్ళని తిరిగివ్వలేకపోయేనురా," అంది దేముడమ్మ.

ఆ తర్వాత ఆవిడ ఎవరినీ పిలవలేదు. వెనక వరసలో ఇంకో తవిటయ్య లేచాడు. కిటికీ దగ్గర కుంటి పెంటన్న కర్ర ఊతంగా లేచాడు. గోడ పక్కన పెంటమ్మ ఒకతె ముందుకొచ్చి నిలబడింది. ఇన్నాళ్ళూ బళ్ళో పిల్లలు వెక్కిరించిన పేర్లు, పెళ్ళిచూపుల్లో నసిగి చెప్పుకున్న పేర్లు, ఒకటొకటే లేచి నిలబడ్డాయి. దిబ్బ మీద ఉన్నవాళ్ళకి పేర్లు లేవు. కాని వాళ్ళ తర్వాత పుట్టి బతికినవాళ్ళ పేర్లలో వాళ్ళందరూ ఉన్నారు.

దేముడమ్మ ప్రెసిడెంటు గారి వైపు చూడలేదు. పెద్దమనిషిని పదిమందిలో అలా చూడకూడదని ఆవిడకి తెలుసు.

కుర్చీలో పి.డి. నాయుడు గారు తన కుడిచేతి వేళ్ళు చూసుకుంటున్నారు. ఏడెనిమిదేళ్ళప్పుడు అమ్మ నూకరత్నంతో వడ్డాది సంతకి వెళ్ళేవాడు. ఆ మలుపు దగ్గర ప్రతిసారీ అమ్మకి ముల్లు గుచ్చుకునేది. తను నేల మీద కూర్చుని, అమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని, వేలితో తడిమి తడిమి వెతికేవాడు. ఒక్కసారీ దొరకలేదు. "ఉందిరా నాయనా, లోపలుంది," అనేది అమ్మ, దిబ్బ వైపు చూస్తూ. అమ్మ పోయి పదకొండేళ్ళయింది.

ఆయన లేచారు. దగ్గు రాలేదు.

"సత్యారావూ, రాయి. పరదేశి."

"ప్రెసిడెంటు గారూ, పి.డి. అని..."

"పరదేశి. పూర్తిగా రాయి. నా ముందు ముగ్గురు. నన్ను బైరాగి జోలెలో ఏసి తీసుకున్నారు. ఆ ముగ్గురి తరపున రాయి." ఇంకేదో అనబోయి, కండువాతో మొహం తుడుచుకున్నారు. "మా అమ్మకి అక్కడ ముల్లు గుచ్చుకునేది. నేను వెతికేవోణ్ణి."

గోడ దగ్గర ఆడవాళ్ళలో ఎవరో గట్టిగా ఏడ్చేశారు.

అంతసేపూ పక్క బల్ల మీద కూర్చున్న ఇమాముద్దీన్ గారు ప్లాను విప్పారు. "గీత మార్చే అధికారం నాది కాదండీ," అన్నారు. "కాని నేల మీద ఉన్నది కాగితం మీద లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు." ఎవరూ నవ్వలేదు. ఆయన దిబ్బ చుట్టూ జాగ్రత్తగా ఒక గుండ్రటి గీత గీసి, హద్దు చూపించమని దేముడమ్మని దగ్గరికి పిలిచారు. ఆవిడ మెట్లెక్కింది. ఆ కాగితం మీద వేలు పెట్టి, "ఇంకొంచెం ఇటు రానియ్యండి బాబూ. ఈ మూల కూడా ఉన్నారు," అంది. ఆయన ఆ మూల కూడా కలిపారు.

తీర్మానం బోర్డుకి వెళ్ళింది. మలుపు అవతల ఉన్న తన చెరుకు చేలోంచి పరదేశినాయుడు గారు ఒక చెక్క నేల వదిలిపెట్టారు. దాంతో మలుపు వెడల్పయింది, ఎద్దులకి భయం పోయింది. ఆ కాగితం మీద ఆయన పేరు పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో ఉంది. బోర్డు వాళ్ళు ఆర్నెల్లు నలిపి, ఒప్పుకున్నారు.

మీటింగు అయిన సాయంత్రం దేముడమ్మ జనంలోంచి విడిపడి ఒక్కతే ఇంటికి నడిచింది. మలుపు దగ్గర ఆగింది. చుట్టూ చూసి, ఒక చేత్తో తుమ్మ మాను పట్టుకుని, ఎడమ పాదం ఎత్తి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. వెనకాల కొంత దూరంలో వస్తున్న పొరుగింటి అచ్చియ్యమ్మకి, ఆవిడకీ ఆ ముల్లు ఉందని అప్పుడు తెలిసింది. అచ్చియ్యమ్మ అటు తిరిగి నిలబడింది.

కొత్త రోడ్డు మీద అనకాపల్లి నుంచి మాడుగులకి కొత్త బస్సు వేశారు. దాని డ్రైవరు దాసు ఈ ఊరివాడు కాదు. ఒకరోజు మలుపు దగ్గర దేముడమ్మ ఉమ్మెత్త మొక్కలకి పాదులు సరిచేస్తూ కనిపిస్తే, బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏటి ముసలమ్మా, తిన్నగా ఏసే రోడ్డుని నువ్వే వంకర సేయించేవంట? నీ పున్నెమా అని ఇక్కడికొచ్చేసరికి రోజూ గేరు మార్చుకుని, నత్తలాగ ఎల్లాల్సొస్తంది!"

దేముడమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, "పిల్లలు పడుకున్న కాడ నెమ్మదిగానే ఎల్లాల బాబూ," అంది.