వెనక చక్రం నట్టు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. శ్మశానం గోడను ఆనుకుని ఉన్న గదిలో రెండేళ్ళు ఉన్నాను. దోమలు తప్ప ఎవరూ నా జోలికి రాలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను ఇలాంటివి వెతుక్కుంటూ తిరిగే బాపతు అనుకోకూడదని.

రొయ్యల గుంటల్లో నీళ్ళు, మట్టి పరీక్ష చేయడం నా పని. ఇందుకూరుపేట నుంచి తోటపల్లి గూడూరు దాకా సముద్రం ఒడ్డున ఉన్న గుంటలన్నీ బండి మీద తిరుగుతాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. నీళ్ళలో ఉప్పు ఎంత ఉందని రైతులు అడుగుతారు, చెబుతాను. ఆ పైన రోజంతా నోరు తెరవాల్సిన అవసరం రాదు. ఒక్కోరోజు సాయంత్రం అన్నం తినేటప్పుడు గొంతు సవరించుకుంటే, ఆ శబ్దం నాకే కొత్తగా ఉంటుంది.

నేను మాట్లాడేదంతా ఫోన్లోనే. నాది పాత బండి, ఇప్పుడు తయారు కావడం లేదు. జిల్లాలో అదే రకం బండి నడిపేవాళ్ళం కొంతమందిమి వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. చెయిన్ ఎంత వదులుగా ఉండాలి, ఉప్పుగాలికి స్పోక్స్ తుప్పు పట్టకుండా ఏం పూయాలి, కార్బురేటర్ ఎన్నాళ్ళకొకసారి విప్పి కడగాలి, పొద్దస్తమానం ఇవే కబుర్లు. ఎవరి బండి అయినా తేడాగా మోగితే ఆ శబ్దాన్ని రికార్డు చేసి పెడతారు. మిగతావాళ్ళు విని జబ్బేమిటో చెబుతారు. ఖాదర్ భాయ్ అని నెల్లూరులో ముప్పై ఏళ్ళుగా మెకానిక్ పని చేస్తున్న పెద్దాయన కూడా అందులో ఉన్నారు. ఆయన ఒక మాట చెప్పాక ఇంకెవరూ మాట్లాడరు. వీళ్ళలో చాలామంది ముఖాలు నేను చూడలేదు. గొంతులు మాత్రం గుర్తుపడతాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం. పంట పట్టేసి గుంటలన్నీ ఎండగట్టి ఉన్నాయి. తర్వాతి పంటకు ముందు అడుగు మట్టి పరీక్ష చేయాలని రైతు చెబితే వెళ్ళాను. గుంటల్లో నీళ్ళున్నన్నాళ్ళూ నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోత, కాపలా మనుషుల కేకలు ఉంటాయి. అవేవీ లేవు. పగుళ్ళిచ్చిన నల్లమట్టి, కట్టలు, ఆ చివర సముద్రం. చెట్టు గానీ షెడ్డు గానీ లేదు. కనుచూపు మేరలో మనిషి ఉంటే కనబడి తీరాలి.

మట్టి తీసుకుని తిరిగి వస్తుంటే ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. కట్ట మీదే ఆపాను. సెంటర్ స్టాండ్ వేసి, గేరు తీసేసి, ఇంజను ఆడుతుండగానే పక్కన గొంతుక్కూర్చుని ముప్పై సెకన్లు రికార్డు చేశాను. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంజను ఆపేసి, గ్రూపులో పెట్టి, కట్ట మీద కూర్చున్నాను.

జవాబులు వచ్చాయి. ఒకరు ఇంజనులో ట్యాపెట్లు వదులయ్యాయన్నారు, ఒకరు టైమింగ్ చెయిన్ సాగిందన్నారు. ఆ తర్వాత ఖాదర్ భాయ్ గొంతు.

"ట్యాపెట్లే. రేపు చూసుకున్నా ఏం కాదు. ముందు నీ పక్కనున్నాయన చెప్పింది చెయ్యి. అది చూడకుండా బండి కదిలించమాక."

నా పక్కన ఎవరున్నారు? ఇంకెవరికో చెప్పబోయి ఇక్కడ పెట్టారనుకున్నాను. ఇంతలో ఇంకొకాయన, అవును, మీ పక్కనున్నాయన చెప్పిందే ముందు చూడండి అని రాశాడు.

నా రికార్డింగు నేనే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మొదట ఇంజను, గాలి. సగం దాటాక, ఫోనుకు బాగా దగ్గరగా, తొందరేమీ లేని ఒక మగగొంతు.

"ఇంజన్ బాగానే ఉండాది సామీ. ఎనక చక్రం నట్టు చూసుకో."

అంతే. ఆ తర్వాత మళ్ళీ ఇంజను.

లేచి నిలబడి చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కట్టకు రెండు వైపులా దిగి కూడా చూశాను. ఎండిన మట్టి మీద నా చెప్పుల గుర్తులే ఉన్నాయి.

వెనక చక్రం ఇరుసు నట్టు ఉన్న చోట బురద దళసరిగా గడ్డకట్టి ఉంది. పుల్లతో గీకాను. నట్టు దాదాపు మొత్తం ఊడి, చివరి రెండు చుట్ల మీద వేలాడుతోంది. వేళ్ళతోనే తిరిగింది. అంతకు కొన్ని రోజుల ముందు పంక్చరు వేయించినప్పుడు చక్రం విప్పారు. అప్పుడు సరిగ్గా బిగించలేదేమో. ఆ కట్ట దిగితే నేను ఎక్కాల్సింది ముత్తుకూరు వైపు లారీలు పోయే రోడ్డు. అక్కడ ఇరుసు జారి ఉంటే ఇప్పుడు ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

సీటు కింద నుంచి స్పానర్ తీశాను. నట్టు బిగించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అందరూ సంతోషించారు. ఒకాయన రాశాడు: "ఆయన ఎవరు అన్నా? మంచి పనివాడు మాదిరున్నాడే. గ్రూపులో కలపండి."

ఇక్కడ ఎవరూ లేరని రాయబోయి చెరిపేశాను. చివరికి, ఆయన దగ్గర ఫోన్ లేదు అని రాశాను. ఎందుకలా అబద్ధం చెప్పానో ఆ క్షణంలో నాకూ తెలియదు.

గుంటల్లోకి పోవడానికి ఉన్నది ఒకే దారి. ఆ దారి మొదట్లో మరియమ్మక్క టీ అంగడి ఉంది. పొద్దున్నుంచి లోపలికి ఎవరైనా వెళ్ళారా అని అడిగాను.

"నువ్వు తప్ప ఎవురు పోతారు నాయనా ఈ ఎండలో? ఏంది, ఏమన్నా పోయిందా?"

జరిగింది చెప్పి ఫోన్ పెట్టి వినిపించాను. పొయ్యి మీది పాలు దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, వంగి విన్నది. ఆమె భర్త సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదని, నాలుగేళ్ళయిందని నాకు తెలుసు. నేనేమీ అడగకుండానే తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన గొంతు కాదులే. ఆయనది ఇంకా బొంగురుగా ఉంటాది."

డబ్బాలోంచి చక్కెర తీస్తూ ఆగిపోయింది.

"అయినా ఇంకోసారి పెట్టు నాయనా."

మూడుసార్లు విన్నది. ఆ తర్వాత పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

నాకు తెలిసిన ఆరాలన్నీ తీశాను. ఈ బండి మొదట కొన్న మనిషి చనిపోయాడేమోనని ఫోన్ చేశాను. కావలిలో దిట్టంగా ఉన్నాడు, బండి మైలేజి ఎంతిస్తోందని నన్నే అడిగాడు. గుంటల రైతుకు వినిపించాను. ఆ గొంతు ఎవరిదో ఆయనా చెప్పలేకపోయాడు. అదే చోట, అదే వేళకు, ఇంజను ఆడిస్తూ నాలుగుసార్లు రికార్డు చేశాను. ట్యాపెట్ల శబ్దం, గాలి. ఇంకేమీ లేదు.

చివరికి ఒక ఆదివారం నెల్లూరు వెళ్ళి ఖాదర్ భాయ్‌ని కలిశాను. అదే ఆయన్ని మొదటిసారి చూడటం. గొంతుని బట్టి భారీ మనిషి అనుకున్నాను. సన్నగా, పొట్టిగా ఉన్నారు. పక్కన ఎవరూ లేరని, గ్రూపులో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆ రికార్డింగు తన ఫోన్లో తీసి మళ్ళీ విన్నారు.

"ఒక మాట అడుగుతా. నట్టు మీద బురద ఉండిందన్నావు గదా. పైకి కనపడిందా?"

"లేదు భాయ్. గీకితే గానీ కనపడలా."

"బండి స్టాండు మీద ఉండాది. చక్రం తిరగతా లేదు. నిలబడిన బండిలో ఆ నట్టు శబ్దం చెయ్యదు. నా చెవికే దొరకలా. ఇంక ఆయనకెట్ట తెలిసినట్టు?"

ఆయన చేతిలోని స్పానర్ పక్కన పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"బండి పోతా ఉంటే ఎనక చక్రం ఆడేది ఎనక సీట్లో కూర్చున్నోడికే ముందు తెలస్తాది అబ్బయా. నడిపేవాడికి తెలిసేసరికి ఆలస్యమైపోతాది."

నా బండి వెనక ఎవరైనా కూర్చుని ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోబోయాను. లెక్క తేలలేదు. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన టీ తెప్పించారు. ఆ పూట ట్యాపెట్లు సరిచేసి, చెయిన్‌కు నూనె వేసి, రెండు చక్రాల నట్లూ తానే బిగించి పంపారు.

ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. ఇంజనీరింగ్ చదివిన ఒకాయన, వేరే ఏదో శబ్దం కలిసి ఉంటుందన్నాడు. కావచ్చు. కానీ ఏ శబ్దానికి నా బండి నట్టు సంగతి తెలుస్తుంది? నాకు అర్థం కాలేదు. ఇకముందు అర్థమవుతుందనే ఆశ కూడా లేదు.

ఖాదర్ భాయ్ మాట విన్నాక నాకు భయం వేయాల్సింది. వేయలేదు. ఆ రోజు నెల్లూరు నుంచి తిరిగి వస్తూ, గుంతలు వచ్చినప్పుడల్లా బండి నెమ్మది చేశాను. ఎన్నడూ లేనంత జాగ్రత్తగా, వెనక ఒక మనిషి ఉంటే ఎలా నడుపుతామో అలా నడిపాను.