కోడూరు కట్టకి సరిపడే చక్రాలు

ఉద్యోగం చివరి రోజుల్లో నేను మచిలీపట్నంలో ఒక కార్ల డీలరు వర్క్‌షాపుకి సర్వీస్ మేనేజరుగా ఉన్నాను. అంతకుముందు చాలాకాలం గుడివాడ బ్రాంచిలో సూపర్‌వైజరుగా చేసి, ప్రమోషన్ మీద బందరు వచ్చాను. ఇప్పుడు చెప్పేది నేను రిటైరయ్యే ముందటి ఏడాది, ఎండలు తగ్గి నైరుతి వానల కోసం జనం ఎదురుచూస్తున్న రోజుల నాటి సంగతి.

సర్వీస్ మేనేజరు చేతికి గ్రీజు అంటదని బయటివాళ్ళు అనుకుంటారు. చాలావరకు నిజమే. బండి తీసుకునేది అడ్వైజరు, పని చేసేది టెక్నీషియను, చేసిన పనిని చూసేది సూపర్‌వైజరు. ఫలానా పని ఈ బండికి చేయొచ్చు, ఫలానాది చేయకూడదు అని తేల్చి దానికి జవాబుదారీగా ఉండాల్సింది మాత్రం మేనేజరు. కంపెనీ ఒప్పుకోని సామాను బిగిస్తే వారంటీ పోతుంది. రేపు రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది దాని గురించే.

ఒక రోజు మధ్యాహ్నం నాంచారయ్య గారనే ఆయన ఎస్‌యూవీ తీసుకొచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. దివిసీమలో కోడూరు దాటాక సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి, ఇల్లూ ఆ చెరువుల దగ్గరే. బండి మధ్యరకం సైజుది, కొని ఏడాది కూడా కాలేదు. దానికి పెద్ద మడ్ టైర్లు వేయించాలని వచ్చారు. ట్రాక్టరు టైర్లలా ఎత్తైన దిమ్మెలుండి బురదని చీల్చుకుంటూ పోయే రకం అవి. వాటికి తగ్గట్టు బయటికి పొడుచుకొచ్చే నల్లటి వెడల్పు రిమ్ములు కూడా కావాలన్నారు. అవనిగడ్డలో ఉన్న వాళ్ళ బావ తన బండికి అవే వేయించాడట. గుడివాడలో ఒక షాపువాడి దగ్గర సెట్టు సిద్ధంగా ఉంది, మేం ఒప్పుకుంటే తెప్పించి ఇక్కడే బిగించుకుంటానన్నారు.

అడ్వైజరు కుదరదన్నాడు. ఆయన నా గదికి వచ్చారు. నేనూ అదే చెప్పాను. ఆ సైజు మా జాబితాలో లేదు. టైరు పెద్దదైతే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, బరువు పెరిగి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. రిమ్ము బయటికి జరిగితే బేరింగుల మీద భారం పడుతుంది.

ఆయన అంతా విని, "మీకు రూలుందండీ, కాదనను. మా ఆవిడకి వారానికి మూడు డయాలిసిస్‌లున్నాయి," అన్నారు.

అప్పుడు గాని అసలు విషయం బయటికి రాలేదు. భార్య శివపార్వతి గారికి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు బందరు ఆసుపత్రికి తీసుకొస్తారు. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా దారంతా తారే. ఇంటి నుంచి తారు రోడ్డు దాకా మాత్రం చెరువుల మధ్య మట్టి కట్ట. కిందటి వానల్లో ఆ కట్ట మీద బండి పక్కకి జారి ఒక చక్రం చెరువు వైపు దిగిపోయింది. ఆ రోజు డయాలిసిస్ సిటింగు తప్పింది. మర్నాటికి ఆవిడకి ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరి ఆడక, అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి తీసుకురావాల్సి వచ్చింది.

"వానలు మళ్ళీ వస్తున్నాయండీ," అన్నారాయన.

ఆవిడ అప్పటికి వెయిటింగ్ హాల్లోనే ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా మా దగ్గరికే వచ్చారు. ఎడమ చేతికి సూదులు తీసిన చోట ప్లాస్టరు, ఒళ్ళో ఖాళీ టిఫిన్ డబ్బా. పలకరించి వద్దామని ఆయనతో పాటు వెళ్ళాను. ఆవిడే అడిగారు.

"మేనేజరు గారూ, ఆ చక్రాలేస్తే బండి ఇంకా ఎత్తవుద్దా అండీ?"

"కొంచెం లేస్తుందమ్మా."

"ఇప్పుడే ఎక్కలేకపోతున్నానండీ. వచ్చేటప్పుడు పర్లేదు. డయాలిసిస్ అయ్యాక కాళ్ళు పట్టేస్తాయి, ఈయన ఎత్తి కూర్చోబెడతారు. గుంటల్లో కుదిపితే కడుపులో తిప్పేసిద్ది, కళ్ళు తిరుగుతాయి."

నాంచారయ్య గారు ఆవిడ వైపు చూశారు. "ఈ మాట నాతో ఎప్పుడన్నా అన్నావా?"

"మీరు కట్ట గురించే బెంగ పెట్టుకున్నారు. ఇంక ఇది కూడా ఎందుకని."

ఆయన పెద్ద టైర్లడిగారు, నేను పెద్ద టైర్లు కుదరవన్నాను. బండిలో ఎవరు కూర్చుంటారన్నది మా ఇద్దరి మాటల్లోనూ లేదు. ఆ ఆదివారం కట్ట చూడటానికి వస్తానని ఆయనకి చెప్పాను. ఉద్యోగరీత్యా అది నా పని కాదు, కానీ చూడకుండా తేల్చే విషయంలా కనపడలేదు.

మా సూపర్‌వైజరు సుభాని గారిని తోడు తీసుకుని వెళ్ళాను. కట్ట వెడల్పు బండికి సరిపోను మాత్రమే ఉంది. అటూ ఇటూ చెరువులు, వాటిలో నీళ్ళని చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్లు. మట్టి జిగట నల్లరేగడి. ఎండకి రాయిలా గట్టిపడి నెర్రెలు విచ్చింది. ఒక చోట తూము దగ్గర మలుపు, అక్కడ కట్ట చెరువు వైపుకి వాలి ఉంది. కిందటేడు జారింది అక్కడే. సుభాని గారు కట్ట మీద చెరువు నీళ్ళు కాస్త పోయించి నాంచారయ్య గారి బండిని మెల్లగా నడిపించారు. కంపెనీ ఇచ్చిన టైర్లు హైవే రకం, గాడులు సన్నగా ఉంటాయి. నాలుగు గజాలు కదిలేసరికి మట్టి గాడుల్లో నిండిపోయి టైరు నున్నగా తయారైంది. బండి నల్ల సబ్బు మీద నిలబడ్డట్టు పక్కకి కదిలింది.

టైర్లు మార్చాల్సిందే, నాంచారయ్య గారు చెప్పింది నిజమే. ఏ టైర్లన్నదే మిగిలింది.

ఆయన మనసు కుదుటపడాలని గుడివాడ షాపు నుంచి పెద్ద టైర్లు రెండు తెప్పించి ముందు చక్రాలకి తగిలించి చూపించాం. టైరు అంచులకి సుద్దముక్క రాసి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ముందు భాగం కిందికి నొక్కాం. టైరు ఎక్కడ తగిలితే అక్కడ సుద్ద అంటుకుంటుంది. చక్రం పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు మీద తెల్లటి చార పడింది. నిండు బండి గుంటలో దిగి తిరిగితే అక్కడ రాసుకుంటుందన్నమాట. పైగా మడ్ టైరు దిమ్మెలు తడిసిన తారు మీద సరిగా పట్టవు. ఆయన ప్రయాణంలో ఎక్కువ భాగం తారే.

వేరే ఉపాయం సుభాని గారూ నేనూ కూర్చుని వెతికాం. నాంచారయ్య గారిది అన్నిటికంటే ఖరీదైన వేరియంటు, అందుకని పద్దెనిమిది అంగుళాల రిమ్ములొచ్చాయి. రిమ్ము పెద్దదైన కొద్దీ టైరు పక్క గోడ పొట్టిదవుతుంది, కుదుపు లోపలికి వస్తుంది. అదే మోడల్ కింది వేరియంటుకి కంపెనీయే పదిహేడు అంగుళాల రిమ్ములిస్తోంది. బ్రేకులు రెంటికీ ఒకటే. ఆ చిన్న రిమ్ముకి ఎత్తు గోడ టైరు వేస్తే మొత్తం చక్రం కొలత మారదు, బండి ఎత్తు పెరగదు, స్పీడోమీటరు తప్పు చూపించదు. గోడ ఎత్తుగా ఉంటుంది కనక కుదుపు టైరే తాగేస్తుంది, బురదలో పట్టు కోసం గాలి తగ్గించుకునే వీలూ ఉంటుంది. ఆ సైజులో ఆల్ టెరైన్ రకం టైర్లు దొరికాయి. హైవే టైరుకీ మడ్ టైరుకీ మధ్యరకం. తారు మీదా నడుస్తుంది, పక్క అంచుల్లో బురదని పట్టుకునే గాడులూ ఉంటాయి. సైజు మా జాబితాలోదే కాబట్టి ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేకపోయింది.

ఇబ్బంది నాంచారయ్య గారికి వచ్చింది. చిన్న రిమ్ములు చూసి, "ఇంత బండికి ఇవేంటండీ, మా బావ చూస్తే నవ్వుతాడు," అన్నారు. చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి శివపార్వతి గారు కలగజేసుకుని, "ఆయన బండిలో నేను తిరగనుగా. వీటిలో ఒకసారి తిరిగి చూసి చెప్తాను," అన్నారు.

చక్రాలు బిగించడం పైకి చిన్న పనిలా ఉంటుంది. మొదట, బ్రేకు డిస్కుని నొక్కిపట్టే కాలిపరుకీ రిమ్ము లోపలి అంచుకీ మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చక్రం చేత్తో తిప్పి చూశాం. పాత చక్రాల్లో గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లని కొత్త వాటిలోకి మార్చాం. నట్లని ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ, చివర్లో టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకి తెచ్చాం. ఆ పానా సరిపడినంత బిగువు రాగానే టక్కుమంటుంది, ఆపైన బిగించకూడదు. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేశాం. స్టెప్నీ కూడా అదే సైజుకి మార్చాం. కొద్దిరోజులు తిరిగాక నట్లు మళ్ళీ చూపించుకోవాలని చెప్పాం.

మర్నాటి సిటింగు అయ్యాక వాళ్ళ వెంట నేనూ కోడూరు దాకా వెళ్ళాను. కట్ట మొదట్లో బండి ఆపించి, గాలి ఎంత తగ్గించాలో కొలిచి చూపించాను. గాలి తగ్గిందని మీటరు మీద దీపం వెలుగుతుంది, కంగారు పడొద్దన్నాను. జారితే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు మెల్లగా జారే వైపుకి తిప్పి యాక్సిలరేటరు వదిలెయ్యాలి. తారు ఎక్కాక గాలి నింపందే కదలొద్దు, మెత్తటి టైరు హైవే మీద వేడెక్కి పగులుతుంది. చిన్న గాలి పంపు డిక్కీలో పెట్టించాను. నాంచారయ్య గారు తలూపుతూ విన్నారు. ప్రశ్నలన్నీ వెనక సీట్లోంచి వచ్చాయి. గాలి నిండటానికి ఎంతసేపు పడుతుంది, జారుతుంటే బండి ఆపేసి దిగిపోవచ్చా, చెరువు వైపు తలుపు తెరవొచ్చా అని ఆవిడ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు. దారిలో కడుపులో తిప్పిందా అని అడిగితే, "ఈ రోజు లేదండీ," అన్నారు.

వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. ఒకసారి అల్పపీడనం పట్టి ఎడతెరిపి లేకుండా కురిసింది. అది సరిగ్గా డయాలిసిస్ రోజు. బందరు రోడ్ల మీదే నీళ్ళు నిలిచాయి. నేను డ్యూటీకి వెళ్ళి ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఆ పూట నాకు పని సాగలేదు.

మధ్యాహ్నం దాటాక బండి మా గేటులోకి వచ్చింది. రెండు పక్కలా తలుపుల దాకా నల్ల బురద. శివపార్వతి గారు వెనక సీట్లో వెనక్కి వాలి ఉన్నారు, సిటింగు అయిపోయింది. జరిగింది ఇద్దరూ కలిపి చెప్పారు.

తూము మలుపు దగ్గర బండి వెనక భాగం చెరువు వైపు జారింది. నాంచారయ్య గారు భయంతో బ్రేకు తొక్కేశారు. ఇంకా జారింది.

"ఏవండీ, కాలు తియ్యండి, కాలు తియ్యండి అని అరిచానండీ," అన్నారావిడ. "వినపడలా. భుజం మీద ఒక్కటిచ్చాను."

"గట్టిగానే కొట్టింది," అన్నారాయన.

కాలు తీశారు. అంచుల గాడులు మట్టిని పట్టుకున్నాయి, బండి నిలదొక్కుకుని మెల్లగా మలుపు దాటింది. తారు ఎక్కగానే ఆలస్యమైందని ఆయన అలాగే లాగించబోయారు. ఆవిడ ఒప్పుకోలేదు. వానలో గొడుగు పట్టించి నాలుగు చక్రాలకీ గాలి నింపించాకే కదలనిచ్చారు. నేను ఫోను చేసింది అప్పుడేనట.

బండి లిఫ్ట్ మీదకి ఎత్తి చూశాం. టైరు గోడలు బాగున్నాయి, నట్ల బిగువు సరిగా ఉంది. లోపలి బురద కడిగించి పంపించాం. ఆ వానాకాలంలో ఆవిడకి సిటింగు తప్పలేదు. మరుసటి ఏడాది ఆవిడ అక్కగారు కిడ్నీ ఇచ్చారు, ఆపరేషను అయింది. ఇప్పుడు చెకప్పులకి మాత్రమే వస్తున్నారని విన్నాను.

ఆ వానల తర్వాత నాగాయలంక నుంచీ, గూడూరు నుంచీ కొందరు వచ్చి నాంచారయ్య గారి టైర్లే తమకీ వేయమన్నారు. ఇంటి గుమ్మం దాకా తారు రోడ్డున్న వాళ్ళని చాలామందిని వద్దని పంపేశాను. బండి పేరూ టైరు సైజూ చెబితే ఏది సరిపోతుందో కంపెనీ పుస్తకం చెబుతుంది. అది ఏ రోడ్డు మీద నడుస్తుందో, లోపల ఎవరు కూర్చుంటారో పుస్తకానికి తెలియదు. ఆ రెండూ అడిగి తెలుసుకున్నాకే కొలతలు తీయాలని మా అడ్వైజర్లకి చెప్పాను. వెనక సీటులో మనిషి ఉంటే, ఆ మనిషినే ముందు అడగమన్నాను.