రెండోసారి చదవని పేరు

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆమెకూ ఒక పేరుండేది గానీ సిద్దిపేటలో మా వాడకట్టుకంతా సిస్టరమ్మే. ఆమె కోడలు మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "అత్తమ్మ పోయిందక్కా. గోలీ ఏసుకునే ముంగట దాని పేరు సదివింది. ఇంకోపారి సదువుతదని సూస్తున్న... సదువలే" అన్నది.

ఆ మాట మీకు అర్థం కావాలంటే ఆమె అలవాటు చెప్పాలి. సిస్టరమ్మ దేన్నయినా పైకి చదివేది, అదీ రెండుసార్లు. కూరలో వేసే ముందు డబ్బా మీది చీటీ చూసి "ఉప్పు... ఉప్పు" అనేది. చెల్లెలింటికి నెలనెలా ఎక్కే బస్సే అయినా బోర్డు చూసి "చేర్యాల... చేర్యాల" అన్నాకే కాలు పైకెత్తేది. "సిస్టరమ్మ మొగని పేరు గూడ రెండుసార్లు సదివినంకనే బువ్వ పెడ్తది" అని మా అవ్వ ఆటపట్టించేది. సిస్టరమ్మ అందరికంటే గట్టిగా నవ్వేది.

నాకేమో ఎదుటివాళ్ల సంగతులంటే చెవి కోసుకునే బుద్ధి. మా అవ్వ నన్ను సీఐడీ అని పిలిచేది ఊరికే కాదు. ఎందుకట్ల చదువుతావని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగానో! "నోటి దురద బిడ్డా" అని దాటేసేది. అసలు సంగతి నేను ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరి, ఘోరమైన తప్పు చేసినప్పుడే చెప్పింది.

ఇద్దరి రక్తం సీసాల మీద చీటీలు తారుమారు చేశాను. మరునాడు రిజిస్టరు చూస్తుంటే తెలిసింది. బెజ్జంకి నుంచి వచ్చిన పెద్దాయనకు షుగరుంటే, లేదని రిపోర్టు ఇచ్చి పంపాను. రెండో మనిషి ఇంకా రిపోర్టు తీసుకుపోలేదు. ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆయన ఇంట్లో హాయిగా పరమాన్నం తింటుంటాడు. మాది మగ్గాల ఇల్లు, పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు. అయినా కష్టమొస్తే సిస్టరమ్మ యేసయ్యకు చేసే ప్రార్థన మాకూ కావాలి. ఆమె ప్రార్థన చేస్తే మనసు తేలికపడుతుంది, అక్కడితో అయిపోతుంది అనుకుని వెళ్లాను.

అంతా విని, "ప్రార్థన చేస్త గని, ముందుగాల గాయిన ఫోన్ నంబరున్నదా?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. "మీ దేవుడు మాఫ్ చేస్తడంటవు గద! మల్ల మనుషులకు చెప్పుడెందుకు?"

"మాఫ్ చేస్తడన్న ధైర్యంతోనే గద చెప్పేది. గా ధైర్యం లేకుంటే నేను గూడ దాసుకుంటుంటి."

అప్పుడు బయటపడింది. కొత్తగా నర్సు అయిన రోజుల్లో, పక్క మంచం వాళ్ల సూది ఒక చిన్నపాపకు వేసేసింది. పాప ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. డాక్టరు ఎలాగో బతికించాడు. జ్వరం ముదిరిందనుకున్నారు అందరూ. "రెండు దినాలు మోకాళ్ల మీదున్న. కండ్లు మూస్తే ఆ తల్లి మొఖమే. ఇగ లేచి ఆమె కాడికే పోయిన. ఇన్నది. చెంప మీద ఒక్కటిచ్చింది."

మరునాడు సూది వేళకు వేరే నర్సు వస్తే ఆ తల్లి ఒప్పుకోలేదట. ఈమెనే పిలిపించింది. "నాకు సదువు రాదు. సీస మీద ఏమున్నదో పైకి సదువు, నేనింట" అన్నది. చదివితే "ఇంకోపారి" అన్నది. రెండోసారి విన్నాక "ఆఁ, ఎయ్యి" అన్నది.

"గప్పటి సంది గీ నోరు ఆగుతలేదు బిడ్డా."

"మరి ఆమె మాఫ్ చేసిందా?" సీఐడీని కదా, అడగకుండా ఉండలేకపోయాను.

"ఏమో. ఏటా క్రిస్మస్‌కు చిన్నకోడూరు పోయి పిల్లను సూసొస్త. మంచినీళ్లిస్తది. గా మాట ఆమె అనలే, నేనడగలే."

ఆమె పక్కన కూర్చుంటే ఫోన్ చేశాను. పెద్దాయన తిట్టాడు, ఆయన కొడుకు ఇంకా తిట్టాడు. ల్యాబు యజమాని పదిహేను రోజులు మొహం చూపించొద్దన్నాడు. ఆ తర్వాతే సిస్టరమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చాలా చిన్న ప్రార్థన. ఆ పెద్దాయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. ఆయన పేరు నేను పైకి చదివితే "నేనే, నేనే" అని తనూ రెండుసార్లు పలుకుతాడు. సిస్టరమ్మ లేకపోతే ఈపాటికి నేను తప్పులు దాచడంలో ఆరితేరేదాన్ని.

బుధవారం సమాధుల దగ్గర పాస్టరుగారు ప్రార్థన ముగించి, పెట్టె దించమన్నారు. అప్పుడే ఒక ముసలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకొచ్చింది. "చిన్నకోడూరు నుంచి వచ్చినం. నాకు చిన్నప్పుడు సూది ఏసింది ఈమెనే" అన్నది కూతురు.

ముసలమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టి అక్షరాలను తడిమింది. దగ్గరలో ఉన్నది నేనే.

"బిడ్డా, గీడ ఏమో రాసిన్రు. పైకి సదువు, నేనింట."

ఎవరూ పిలవని ఆ పేరు చదివాను.

"ఇంకోపారి."

మళ్లీ చదివాను.

"ఆఁ" అన్నది ముసలమ్మ. పెట్టె అంచును పసిదాని చెంప నిమిరినట్టు ఒకసారి నిమిరి, చెయ్యి తీసింది.