ఎర్ర పెన్నుతో రాసిన పద్నాలుగు

గోడ క్యాలెండర్‌లో ఒక నెల కాగితం ఎంత బరువుంటుంది? పొట్లం కట్టడానికి కూడా చాలదని కిరాణా కొట్టువాడు పక్కన పడేసే కాగితం. దాన్ని నేను ఇరవై ఐదేళ్ళుగా మోస్తున్నాను. మోసీ మోసీ నడుం విల్లులా వంగిపోయింది. లేదు లేదు, నడుం వంగింది కుర్చీలో వంకరగా కూర్చోబట్టి. కాగితం బరువు మాత్రం నిజం.

నేను రాతతో నవ్వించేవాడిని. దోమను దున్నపోతు చెయ్యడం నా బతుకుతెరువు. పేరు చెప్పను. చెబితే మీరు ముందే నవ్వడం మొదలుపెడతారు, ఆ తర్వాత ఏం చెప్పినా వినరు. ఈ ఒక్కసారికి, పెంచి చెప్పినచోటల్లా నేనే తుడిచి అసలు కొలత రాస్తాను. యాభైకి దగ్గరపడ్డ నోరు, అలవాటు కొద్దీ జారుతుంది. మీరే కాస్త ఓపిక పట్టాలి.

అప్పట్లో అమీర్‌పేటలో స్తంభాలకు కోచింగ్ సెంటర్ల కాగితాలు ఎంత మందాన అతికించేవారంటే, లోపలి స్తంభం పీకేసినా ఆ కాగితాలే కరెంటు తీగలు మోసేవి. మా హాస్టల్ గది అగ్గిపెట్టెలో సగం. ఒకడు చొక్కా తొడుక్కోవాలంటే రెండోవాడు మెట్ల మీదికి వెళ్ళాలి. కాదు. రెండు మంచాలు పట్టేవి. మధ్యలో ఒక బకెట్టూ పట్టేది. నేను గోదావరి వైపు నుంచి వచ్చాను. రెండో మంచం యాదగిరిది. మెదక్ దగ్గర ఊరు, రెండెకరాల చేను, ఒక ఎద్దు, ఒక తల్లి. ఇద్దరం గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాం. చదువుతున్నాం అనే మాట అతని విషయంలో నిజం.

గోడకు ఒక క్యాలెండర్ ఉండేది. ఇళ్ళల్లో పాలు రాని రోజు ఇంటూ పెట్టుకుంటారే, అలాంటి పెద్ద గడులది. ఏ రోజు ఎన్ని గంటలు చదివామో ఆ గడిలో రాసుకుందామన్నది యాదగిరి ఆలోచన. అతనిది నీలం పెన్ను, నాది ఎరుపు. మొదటిరోజు సాయంత్రం అతను గోడ ముందు చాలాసేపు నిలబడి ఎనిమిదిన్నర అని రాశాడు.

“పొద్దున్నుంచీ కుర్చీకి అతుక్కుపోయి ఉన్నావు కదయ్యా, తొమ్మిది రాసుకో,” అన్నాను.

“కూసున్న గాని భాయ్, నడుమ అరగంట మా ఎద్దు యాదికొచ్చింది. కాలు బాగలేదు దానికి. గా అరగంట సదువు కాదు గద. తీసేసిన.”

ఎద్దు గుర్తొచ్చిందని అరగంట తీసేసిన మనిషి పక్కన నిలబడి నేను ఎర్ర పెన్ను మూత తీశాను. ఆ రోజు నేను చదివింది రెండు గంటల నలభై నిమిషాలు. ఆరు అని రాశాను. సిగ్గుతో రాశానా? మొదటి అంకె వరకూ సిగ్గే. ఆరు రాస్తే అతను పెద్దగా పట్టించుకోలేదు. మర్నాడు తొమ్మిది రాశాను. తలూపాడు. వారం తిరిగేసరికి పన్నెండు రాశాను. అప్పుడు చూశాడు నా వైపు.

ఆ చూపు గురించి మీకు ఎలా చెప్పను? మా ఇంట్లో నన్ను అలా ఎవరూ చూడలేదు. ఊళ్ళో నేను మాటలపోగుని. నవ్వుతారు, చెంబు నీళ్ళు తాగుతారు, పనివున్నవాడి దగ్గరికి వెళ్ళిపోతారు. యాదగిరి నవ్వలేదు. దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. అంత మర్యాదకు నేను ఎంత ఆకలిగా ఉన్నానో నాకు ఆ రోజే తెలిసింది. మర్నాటి నుంచి పద్నాలుగు.

ఎలా సాగింది అంటారా? అమీర్‌పేట గోల నాకు పడదనీ, పంజాగుట్టలో ఒక రీడింగ్ రూమ్‌లో సీటు తీసుకున్నాననీ చెప్పాను. సీటు లేదు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయలుదేరి పంజాగుట్ట ఇరానీ హోటల్లో కూర్చునేవాడిని. నలుగురు పోగైతే కబుర్లు. ఎవరూ దొరక్కపోతే, ఎయిర్‌పోర్టు అప్పుడు బేగంపేటలోనే కాబట్టి, అక్కడిదాకా నడిచి రోడ్డు పక్కన నిలబడి విమానాలు దిగడం చూసేవాడిని. నాలుగొందల విమానాలు చూసి ఉంటాను. సరే, నలభై. అన్నీ ఒంటరిగానే. ఊళ్ళో మా ఇంటివాళ్ళు కొడుకు ఆఫీసరవుతాడని ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక మనిషి పగలంతా ఆకాశం వైపు చూస్తూ నిలబడితే ఎంత ఒంటరిగా ఉంటుందో విమానంలో ఉన్నవాళ్ళకు తెలియదు. సాయంత్రం గదికి వచ్చి, అలసిపోయినట్టు కళ్ళు నులుముకుని, ఎర్ర పెన్ను తీసేవాడిని.

యాదగిరి చదువు వేరు. గంట చదివి పుస్తకం మూసేవాడు. లేచి, బట్టలు ఉతుకుతూ, చదివినదంతా బకెట్టుకు చెప్పేవాడు. బకెట్టుకు అర్థం కాలేదనిపిస్తే మళ్ళీ తెరిచేవాడు. ఉదయం కష్టమైన పాఠం, మధ్యాహ్నం తేలికది. ఆదివారం వారమంతా చదివింది తిరగేయడం. మా హాస్టల్ బకెట్టుకు పంచవర్ష ప్రణాళికలన్నీ నోటికొచ్చేశాయి, పరీక్ష రాస్తే జిల్లా ఫస్టు వచ్చేది. ఇది తుడవను. ఇంచుమించు నిజమే.

అంత చక్కగా సాగుతున్న చదువును నేనేం చేశానో చెప్పాలి. ఇక్కడే చెయ్యి ఆగుతోంది.

ఎనిమిదిన్నర చాలదని అతనికి అనిపించింది. బకెట్టుకు చెప్పడం మానేశాడు, అది సమయం తింటోందని. ఆదివారం తిరగేయడం మానేశాడు. పది రాశాడు. అన్నం తింటూ చదివి పదిన్నర రాశాడు. నిద్ర వస్తోందని బకెట్టులో చల్లనీళ్ళు పోసి కాళ్ళు పెట్టుకుని చదివి పదకొండు రాశాడు. ఆ రోజు నీలం అంకె గడి దాటి పక్క తారీకు మీదికి పోయింది. నేను చూశాను. పక్కనే ఉన్నాను. ఆ పూట నేను ఏ ఏడో ఎనిమిదో రాసి, ఇవాళ నావల్ల కాలేదయ్యా అంటే సరిపోయేది. నేను పద్నాలుగున్నర రాశాను. అతను దగ్గరికొచ్చినప్పుడల్లా నేను కావాలనే ఇంకాస్త దూరం జరిగాను. మొదటి అంకె సిగ్గుతో రాశానని అన్నాను కదా. ఈ అరగంట దేనితో రాశాను? ఇరవై ఐదేళ్ళు వెతికినా దానికి మర్యాదైన పేరు దొరకలేదు నాకు.

పరీక్షకు ఇంకా నెల ఉందనగా ఒక మధ్యాహ్నం గదికి వస్తే అతని మంచం మీద పరుపు చుట్టి ఉంది.

“ఏంటిది? ఎక్కడికి?”

“ఇంటికి పోతున్న భాయ్.”

“పరీక్ష ముందు ఇంటికేంటయ్యా?”

“నాతోని కాదు. నువ్ పద్నాలుగు గంటలు సదివి సుత నవ్వుకుంట వస్తవు. నాకు పది దాటంగనే అచ్చరాలు చీమల లెక్క పాకుతున్నయి. నిన్న సదివింది ఇయ్యాల యాదికొస్తలేదు. కొందరి తలకాయ గట్ల పుడ్తది, కొందరిది గిట్ల. నువ్ ఫికర్ జెయ్యకు, నీకు పక్కా వస్తది.”

చూశారా, అతను నన్ను ఓదారుస్తున్నాడు. ఒక్క మాట చాలు. అబద్ధమయ్యా, నేను విమానాలు చూస్తున్నాను, నీ తలకాయ బంగారం, పరుపు విప్పు. పది మాటలు కూడా లేవు. నోరు తెరిచాను కూడా. ఏమొచ్చిందో తెలుసా?

“పోనీలే, పోటీలో ఒకడు తగ్గాడు.”

జోకు. యాదగిరి నవ్వాడు. మనస్ఫూర్తిగా నవ్వి, క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి ఆ నెల కాగితం జాగ్రత్తగా చింపాడు.

“గిది తీస్కపోత. రేపు నాకు పిల్లలైతె చూపిస్త, ఒక మనిషి గిట్ల సదివిండు అని.”

బస్టాపు దాకా అతని ట్రంకుపెట్టె మోశాను. అతనికి నేను చేసిన సాయం అదొక్కటే.

నాకు ఉద్యోగం వచ్చిందా? రాలేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళానని అందరికీ చెబుతాను. మొదటి పరీక్షలోనే పోయింది. తర్వాత అవీ ఇవీ రాసి, నవ్వించి, పంజాగుట్టలో ఒక గది, వంటిల్లు ఉన్న ఫ్లాట్‌లో ఒక్కడినే స్థిరపడ్డాను. కొన్నేళ్ళుగా కోచింగ్ సెంటర్లవాళ్ళు పిలుస్తున్నారు. చదివి చదివి వాడిపోయిన పిల్లలను కాసేపు నవ్వించి, మంచి చదువు అలవాట్ల గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెబుతాను. గంటకోసారి పుస్తకం మూసి, చదివింది ఎవరికైనా చెప్పండి, ఎవరూ లేకపోతే బకెట్టుకు చెప్పండి. కష్టమైనది పొద్దున్నే చదవండి. ఆదివారం తిరగేయండి. మనసు ఎటైనా పోతే ఆ సమయం లెక్కలోంచి తీసేయండి. చప్పట్లు. చివర్లో, గొంతు తగ్గించి, నేను రోజుకు పద్నాలుగు గంటలు చదివానమ్మా అంటాను. ఇంకా చప్పట్లు. అలవాట్లన్నీ అతనివి. అంకె ఒక్కటే నాది. ఆ చప్పట్లు మెట్రో మెట్ల దాకా నాతో వస్తాయి. ఫ్లాట్ తలుపు తీసేసరికి ఒక్కటీ మిగలదు.

పోయిన వారం అలాగే ముగించి దిగుతుంటే ఒక అమ్మాయి ఎదురొచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఫోన్ చాపి ఒక ఫోటో చూపించింది. పసుపుపచ్చబడ్డ క్యాలెండర్ కాగితం. అద్దం కట్టించారు. నీలం అంకెలు వెలిసిపోయాయి. ఎరుపు అలాగే ఉంది.

“నా పేరు మమత, అంకుల్. ఫోన్ల మీ స్పీచ్ వీడియో చూసి బాపు గుర్తువట్టిండు. గీయననే నా రూమ్మేట్ అని ఊరంతా చెప్పిండు. చిన్నప్పటిసంది గీ కాగితం చూసుకుంటనే చదివిన. ఇప్పుడు గ్రూప్స్‌కి గీ సెంటర్ ఎనక హాస్టల్లనే ఉంటున్న. పదకొండు దాటలేకపోతున్న అంకుల్. చదివింది యాదికుంటలేదు. పద్నాలుగు ఎట్ల చేసిన్రు?”

పదకొండు. అదే అంకె. మీరైతే ఏం చేసేవారు? నేను చల్లనీళ్ళ బకెట్టు గురించి చెప్పాను. కాళ్ళు పెట్టుకుని చదివితే నిద్ర రాదమ్మా అన్నాను. ఆ పిల్ల నోటుబుక్కు తీసి శ్రద్ధగా రాసుకుంది.

మర్నాడు తిండి సహించలేదు. వారం రోజులు తినలేదు. కాదు, ఒక పూట. మధ్యాహ్నం పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడుచుకుంటూ వెళ్ళి, మమతను హాస్టల్ గేటు దగ్గరికి పిలిపించి, నిలబడే చెప్పేశాను. హోటలు, విమానాలు, ఎర్ర పెన్ను, అన్నీ. చల్లనీళ్ళు మీ నాన్న చదువు చెడిపోతున్నప్పుడు చేసిన పనమ్మా, అది రాసుకున్న పేజీ చింపెయ్యమన్నాను.

మమత తిట్టలేదు. ఏడవలేదు. గేటు ఊచ మీద వేలితో ఏదో గీస్తూ ఉండి, మెల్లగా అడిగింది.

“అంటే, ఇద్దర్ల మా బాపే ఎక్కువ చదివిండా?”

“అవునమ్మా.”

“గా ముచ్చట ఆయనకు తెల్వదు.” నంబరు చెప్పింది. “మీరే చెప్పుండ్రి.” నేను నంబరు నొక్కుకునేలోపు లోపలికి వెళ్ళిపోయింది.

మెట్రో స్టేషన్ కింద నిలబడి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే యాదగిరి అరిచిన అరుపుకు మెట్రో ఆగింది. ఆగలేదు. మొత్తం చెప్పాను. ఇరవై ఐదేళ్ళు దాచింది, జోకు లేకుండా, తడబడుతూ. అవతల నవ్వు మొదలైంది.

“ఊకో భాయ్! నీ పరాష్కాలు ఇంకా పోలేదా? నన్ను ఖుష్ చేయనీకి చెప్తున్నవ్ గంతే. రెండు గంటలంట! నేను చూడలేదా కండ్లతోని? పిల్ల ముంగట నిన్ను తక్కువ జేసుకోకు జర. అది నిన్ను చూసే సదువుతున్నది.”

“నిజం యాదగిరీ. నీ ఎనిమిదిన్నరే నిజం.”

“మస్తు చెప్పినవ్ పో,” అని ఇంకా నవ్వాడు. ఆ నవ్వులోనే చేలో పనుందని పెట్టేశాడు.

తిడితే ఇంటికెళ్ళి పడుకునేవాడిని. క్షమిస్తే ఏడ్చేవాడిని. నమ్మనివాడిని ఏం చెయ్యాలి? దోమను దున్నపోతు చేసీ చేసీ, చివరికి నిజంగా దున్నపోతును తోలుకొచ్చి నిలబెడితే, భలే దోమ అంటున్నారు. తన తలకాయ మంచిదని అతను ఇప్పటికీ నమ్మడం లేదు. ఆ కాగితం ఇంకా ఆ ఇంటి గోడ మీదే ఉంది. మమత పేజీ చింపిందో లేదో నాకు తెలియదు. అడగడానికి నేనెవరిని?

అందుకే ఇది రాస్తున్నాను. మాటల్లో చెబితే నవ్వుతున్నారు, రాతలో కాస్త నిలుస్తుందేమోనని. ఎప్పుడైనా ఇది అతని కంటపడుతుందా? పడకపోయినా మీరు విన్నారు. ఇరవై ఐదేళ్ళలో నవ్వకుండా ఇంతసేపు ఎవరూ వినలేదు నా మాట. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.

మా వంటింట్లో కూడా ఒక క్యాలెండర్ ఉంది. ఇప్పుడే లేచి దాని ముందు నిలబడ్డాను. ఇవాళ రాయడానికి కూర్చున్నది మూడు గంటలు. నడుమ అరగంట యాదగిరి ఎద్దు గుర్తొచ్చింది. నేనెప్పుడూ చూడని ఎద్దు. దాని కాలు నయమైందో లేదో ఆ రోజుల్లో ఒక్కసారైనా అడగలేదు.

ఆ అరగంట తీసేసి, ఇవాళ్టి గడిలో నీలం పెన్నుతో రెండున్నర అని రాశాను.