లూలూకి పసుపు పూసిన వేళ

తెల్లని ప్రాణి ఒకదాన్ని మధ్యాహ్నం పన్నెండింటికి పచ్చగానూ, ఒంటిగంటకల్లా ఎర్రగానూ మార్చిన ఘనురాలిని నేను. ఆ ప్రాణి ఒక పాము. పైగా నాది కాదు. అంతటితో ఆగినా బాగుండేది. మేజోళ్ళ దాకా వచ్చేసరికి మీరే తల పట్టుకుంటారు.

సౌదీలో ధహ్రాన్ దగ్గర ఒక ఇంట్లో నేను పనిమనిషిని. పాము ఆ ఇంటి అమ్మాయి రీమ్‌ది. కాలేజీలో చదువుతోంది రీమ్. పాము పేరు లూలూ, అంటే ముత్యం. విషం లేదు, కోపం లేదు. అరబ్బీ రాని కొత్త పనిమనిషిలా గాజు పెట్టెలో ఒక మూల చుట్ట చుట్టుకుని ఉండేది. మనుషుల ముందు నేను నోరు విప్పలేను. లూలూకి మాత్రం, గది తుడిచాక, నా డైరీ చదివి వినిపించేదాన్ని. రెప్పవాల్చకుండా వినేది. పాములకి రెప్పలే ఉండవని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

ఒకసారి ఇంటిల్లిపాదీ ఉమ్రా యాత్రకి విమానంలో మక్కా వెళ్ళారు. ముస్లింలు కానివాళ్ళు అక్కడికి వెళ్ళకూడదు కనుక నేను ఉండిపోయాను. "నీళ్ళు మార్చు చాలు, ఇంకేమీ ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళింది రీమ్. రెండో రోజుకి ఇల్లెంత నిశ్శబ్దమైపోయిందంటే, ఫ్రిజ్ ఆగినప్పుడల్లా ఎవరో నామీద అలిగినట్టుండేది. నాకే ఇలా ఉంటే లూలూకి ఎలా ఉందో పాపం అనుకుని, తలగడలా ఉంటుందని తోటలోంచి ఒక రాయి తెచ్చి పెట్టెలో పెట్టాను.

మర్నాడు చూస్తే లూలూ ఒంటి మీద ఒక పక్క వేలిగోరంత మేర చర్మం గీరుకుపోయి ఉంది. రాయి గరుకుది.

రీమ్‌కి చెబితే ఇక ఆ గదిలోకి రానివ్వదు. అప్పుడు నా మాటలు ఎవరు వింటారు? అందుకని రాజోల్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. పామున్న ఇంట్లో ఉన్నానని తెలిస్తే అమ్మ నడిచైనా వచ్చేస్తుంది కనుక, "ఇంట్లో చంటిపిల్లకి గీరుకుంది" అన్నాను.

"ఏడుస్తందా?"

"లేదమ్మా, అసలు నోరెత్తదు."

"బంగారు తల్లి. తిండి తింటందా?"

"వారానికోసారి."

"వారానికోసారా? ఆళ్ళమ్మ ఏం తల్లే బాబూ. పాకుతుందా?"

"దానికదే పనమ్మా."

"మరి పాకే పిల్లకి గీరుకోదేంటి? కొబ్బరినూనెలో పసుపు రంగరించి రాయి. నీ మోకాళ్ళకి ఏం రాశాననుకున్నావ్?"

రాశాను. వేలిగోరంత గాయానికి గరిటెడు పసుపు. అది ఆరేలోపు లూలూ చుట్ట చుట్టుకుంది. చుట్టుకున్న చోటల్లా అంటుకుంది. ముత్యం కాస్తా పెళ్ళికూతురైంది. కంగారుపడి సబ్బునీళ్ళతో తుడిచాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఏ తెలుగు ఆడపిల్లనడిగినా చెబుతుంది. నన్నడిగినా చెప్పేదాన్నే. ఆ క్షణాన మాత్రం, గుడ్డంతా నెత్తురే అనుకుని గేటు పక్క గదిలో ఉండే డ్రైవరు మస్తానన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయనది కడప.

"అన్నా, చచ్చిపోతోంది."

"ఎవురుమా?"

"పాము."

"ఓసి, మనిషేమో అనుకుంటి."

"నీ కాళ్ళు పట్టుకుంటానన్నా, ఒక్కసారి వచ్చి చూడు."

గుమ్మం అవతలే నిలబడి మెడ మాత్రం సాచాడు. "కూరకు కలిపి పెట్టినట్టుండావు కదమ్మా దీన్ని. రీమ్‌కు ఫోన్ చెయ్. నేను కారు తోలేదానికి వచ్చినా, పాములకు కట్లు కట్టేదానికి కాదు."

చేశాను. వీడియోలో రీమ్ లూలూని చూసింది, ఏడుస్తున్న నన్ను చూసింది, పశువుల డాక్టరుని కూడా కాల్‌లోకి కలిపింది. ఆయన చాలాసేపు పరికించి, "గాయం చిన్నదే. మిగతాదంతా ఏమిటి?" అన్నాడు.

"మసాలా" అంది రీమ్.

గోరువెచ్చని నీళ్ళతో కడిగి, బాగా నీళ్ళు కలిపిన అయోడిన్ అద్దమన్నాడు. రాయి తీసేసి అడుగున పొడి కాగితాలు పరవమన్నాడు. రంగు కుబుసంతో పోతుందన్నాడు.

"రాయి ఎందుకు పెట్టావు?" అంది రీమ్ చివర్లో.

"ఒంటరిగా ఉందని" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

"మేం వచ్చేదాకా ఆ గదిలోనే కూర్చో. కాగితాలు తడిస్తే మారుస్తూ ఉండు" అంది రీమ్.

నెల తిరక్కుండా లూలూ పచ్చని కుబుసం విడిచి మళ్ళీ ముత్యమైంది. గాయం ఆనవాలే లేదు. ఒక కుబుసం ముక్క నా డైరీలో దాచుకున్నాను. కథ అక్కడితో అయిపోవలసింది. కాని సెలవుకి ఊరెళ్ళిన మస్తానన్న తిరిగి వస్తూ, అమ్మ కడపకి పంపిన పార్సిల్ తెచ్చాడు. రెండు పచ్చళ్ళ సీసాలు, వాటి మధ్య ఊలుతో అల్లిన బుల్లి మేజోళ్ళ జత, ఒక చీటీ: "ఏసీకి చంటిదాని పాదాలు చల్లబడతాయి. ఇవి తొడిగి ఫోటో పంపు."

అందుచేత, ఆ మేజోళ్ళ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ పాముకీ పసుపు రాయను. ఏ పామునీ అమ్మ దగ్గర చంటిపిల్లని చెయ్యను. ఈ శుక్రవారం అమ్మకి నిజం చెప్పేస్తాను. ఫోటో అయితే తీశాను. ఒక మేజోడు లూలూ తోకకి కొలిచి అల్లినట్టు సరిపోయింది. రెండోది ఎక్కడ తొడగాలో అమ్మనే అడగాలి.