వంతుకు రాని గాలి: పులివెందుల దారిలో ఒక గాలిమర

ఈ ప్రయాణం ఊళ్లు చూడాలన్న కోరికతో మొదలు కాలేదు. మా బావ నోరు మూయించాలన్న పంతంతో మొదలైంది. రెండేళ్ల కిందట ప్రొద్దుటూరులో ఒక సభలో గాలిమరల గురించి ఉపన్యసించాను. కొండల మీది చెట్లు బొగ్గుబట్టీల పాలవుతున్నాయనీ, ఆయిలింజన్లు తాగే నూనె పరాయి ఓడల్లో వస్తుందనీ, ఊరికే పోయే గాలితో మనం నీళ్లు తోడుకోవచ్చుననీ చెప్పాను. ఎన్నో పుస్తకాలు తిరగేసి తయారుచేసుకున్న ఉపన్యాసం అది. చివర్లో దువ్వూరు నుంచి వచ్చిన మా బావ లేచి, "గాలి రాకపోతే నువ్వు పోయి ఊదుతావా బావా?" అన్నాడు. సభంతా నవ్వింది. అధ్యక్షులవారు కూడా నవ్వారు. ఆయన పేరు రాయను. ఆయన చదివిన పుస్తకాల కంటే కప్పించుకున్న శాలువలు ఎక్కువని మాత్రం రాస్తాను.

మొన్న ఆషాఢంలో ఒక కబురు తెలిసింది. ముద్దనూరు దాటి పులివెందుల పోయే దారిలో ఒక పల్లెకు సర్కారువాళ్లు నీళ్లు తోడే గాలిమర ఇచ్చారట. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు మంజూరై, రాజధాని హైదరాబాదుకు మారాక వచ్చిందట. ఇన్ని ఆఫీసుల బల్లలు దాటి వచ్చినా తుప్పు పట్టలేదంటే గట్టి ఇనుమే. వెంటనే దువ్వూరు పోయి బావను లేవదీశాను. తన పొలంలో ఆయిలింజన్ పెట్టుకుని ఆ చప్పుడుకు చెవులు దిబ్బడ వేయించుకున్న మనిషి ఆయన. "నీ గాలి అబద్ధమని నీ ముందరే తేలాల. పద," అన్నాడు.

ప్రొద్దుటూరులో పొద్దున్నే బయలుదేరే బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా జమ్మలమడుగు చేరవచ్చు. అక్కడ ఇడ్లీ, కాఫీ కానిచ్చి, పెన్న దాటి ముద్దనూరు వెళ్లే బస్సు పట్టాలి. ముద్దనూరులో మళ్లీ పులివెందుల బస్సుకు మారాలి. మూడు బస్సులకూ కలిపి ఒక మనిషికి రెండు రూపాయలు జేబులో ఉంటే చాలు. మూడో బస్సు కండక్టరు టికెట్టు చించుతూ అడిగాడు.

"యాడికప్పా, ఇద్దరు పెద్దమనుషులు?"

"గాలిమర చూసేదానికి," అన్నాను.

"గాలి జూసేకి చార్జీ పెట్టుకోని పోతాండారా? మా బస్సుకు అద్దాల్లేవు. ఈన్నే కూచోండి, కావాల్సినంత గాలి."

బావ పకపకా నవ్వాడు. అతనికి టికెట్టు చిల్లర కూడా వదిలేశాడు.

కండక్టరు చెప్పిన చోట దిగి నల్లరేగడి దారిలో మైలు పైగా నడిచాం. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. గట్టున ఉన్న కానుగ చెట్టు ఆకులు కదలడం మొదలైంది, మా తలగుడ్డలు ఎగరసాగాయి. కానీ పొడుగాటి ఇనుప కాళ్ల మీద నిలబడిన గాలిమర రెక్క మాత్రం కదలలేదు. బావ నన్నే చూస్తూ నడిచాడు, ఎగతాళి కంటే అది కష్టంగా ఉంది.

దగ్గరికి పోతే అసలు సంగతి తెలిసింది. రెక్కలను పశువుల పలుపుతాడుతో ఇనుప కాలికి బిగించి కట్టేశారు. కింద బావిగట్టున ఒకామె చంకలో కడవతో నిలబడి ఉంది. పేరు ఓబులమ్మ. భర్త పోయి నాలుగేళ్లయిందట. బావిలో ఆమెది సగం భాగం, మరిది గంగయ్యది సగం. బాటసారులమని మజ్జిగ ఇచ్చింది. తాడు ఎవరు కట్టారని అడిగాను.

"నేనే కట్టినా. మొన్న."

"ఎందుకమ్మా?"

"నా వంతులో రాని నీళ్లు వాని వంతులో మాత్రం యాల రావాల?"

ఈ బావిలో ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడే కాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా అన్న వంతు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తమ్ముడి వంతు. చల్లపూట ఎద్దులు బాగా లాగుతాయి కనుక తెల్లారి వంతు పెద్దభాగం కింద పెద్దకొడుక్కి వచ్చింది. గాలిమర రాగానే ఇద్దరూ ఎద్దులను అమ్మేసి, వంతులు మాత్రం అట్లాగే ఉంచుకున్నారు. ఈ పక్క పొద్దున గాలి ఉండదు, మధ్యాహ్నం దాటాక లేస్తుంది. పెద్దభాగం ఒక్క నెలలో ఉత్తభాగమైపోయింది. ఓబులమ్మ మిరప నారు పోసుకుంది. కడవలతో ఎన్ని మడులు తడుపుతుంది? నారు కొసలు అప్పటికే వాడుతున్నాయి. అది పోతే ఆ ఏటి పంట పోయినట్టే.

మాటలు విని గొర్రెల దొడ్డి నుంచి గంగయ్య వచ్చాడు. నేను ఉపన్యాస ధోరణిలో, "ఒకరోజు మీరు పొద్దున, ఒకరోజు ఆమె పొద్దున మార్చుకోండి," అన్నాను. ఇద్దరూ ఒక్కసారే నా మీద పడ్డారు.

"తెల్లారు వంతు ఇడిస్తే పెద్దభాగం ఇడిసినట్టే. ఈపొద్దు వంతు జరుపుతారు, రేపు గట్టు జరుపుతారు," అంది ఓబులమ్మ.

"ఇన్నేండ్లు మండే ఎండలో ఎద్దులు నాలిక ఎళ్లబెడతాంటే తోలినా. అప్పుడు మార్చుకుందాం రా గంగయ్యా అని ఒకరన్నా అన్యారా?" అన్నాడు గంగయ్య. పాత లెక్కలు ఎంత తియ్యగా ఉంటాయో నాకు తెలుసు. అతని మీద నాకు కోపం రాలేదు.

అప్పుడు బావ గంగయ్యను అడిగాడు. "సరే అబ్బీ. ఇప్పుడు గాలి నీ వంతులోనే వస్తాంది గదా. తాడు ఇప్పుకోలేకపోయినావా?"

గంగయ్య తల గోక్కున్నాడు. "వదిన కట్టిన ముడి మామా. మాయమ్మ పోయినాక నాకు కూడు పెట్టిన చెయ్యి. ఎట్లిప్పేది?"

ఓబులమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. బావ పంచె ఎగగట్టి, కపిల నీళ్లు పడే పాత రాతి తొట్టి చుట్టూ తిరిగాడు. "గాలికి వంతులేందిరా? అది మీ నాయన పంచి ఇచ్చిందా? వచ్చినప్పుడల్లా తొట్టిలోకి తోడనీండి. వంతులు తొట్టికి పెట్టుకోండి. సగానికి గీత గీయండి. తెల్లారి మీ వదిన గీత దాకా ఇడుసుకుంటాది, తక్కింది నీది. పెద్దభాగం పెద్దభాగంగానే ఉంటాది."

గాలి పిలిస్తే రాదని రెండేళ్లుగా నన్ను ఎగతాళి చేసిన మనిషి, ఆ మాట నుంచే ఉపాయం తీశాడు. నాకు తోచనందుకు ఒళ్లు మండింది.

"తొట్టి శానా చిన్నది," అన్నాడు గంగయ్య.

"నీ దొడ్డికి పాతిన బండలు శానా పెద్దవి," అంది ఓబులమ్మ.

గంగయ్య పోయి గడ్డపార తెచ్చాడు. సాయంత్రం అయ్యేలోగా దొడ్డి కంచెలోని బండలు తొట్టి చుట్టూ నిలబడ్డాయి. సందుల్లో కూరడానికి బంకమట్టి తొక్కింది మా బావ. నన్నూ తొక్కమన్నారు. తొక్కాను. ఓబులమ్మ ఇనుప కాళ్లెక్కి ముడి విప్పింది. రెక్కలు కిర్రుమని ఒకసారి మూలిగి తిరిగాయి. పంపు దగ్గి, నురగ కక్కి, నీళ్లు పోసింది.

తొట్టిలో మోకాటి లోతు నీళ్లు చేరాక గంగయ్య అన్నాడు. "వదినా, నారు ఎండుతాంది. ఇడుసుకో."

"ఇది నీ పూట. నా వంతు తెల్లారి."

"తొట్టి వంతులు రేపటినుంచి. ఈపొద్దు నీళ్లు నావి. నా నీళ్లు నా ఇష్టం."

ఆమె పార తీసుకుని మడవ తిప్పింది. నీళ్లు నారుమడిలోకి పోయాయి.

తిరుగు బస్సులో మా ఇద్దరిలో ఎవరు గెలిచారో లెక్క వేసుకున్నాను. గాలిమర నీళ్లు తోడింది కనుక నేను గెలిచాను. తొట్టి లేకపోతే అది ఉత్త ఇనుమే కనుక ఆయన గెలిచాడు. నేను చదివిన పుస్తకాల్లో రెక్కల కొలతలున్నాయి, గాలి వేగాల పట్టికలున్నాయి. వాటిని రాసినవాళ్లెవరికీ వదినలు లేరు కాబోలు. పథకాలు రాసే దొరలకైతే బావిలో వాటాలు కూడా ఉండి ఉండవు. ఆ సభాధ్యక్షుడి మీద నా కోపం అట్లాగే ఉంది, దాన్ని భద్రంగా దాచుకుంటాను. బావ మీది కోపం మాత్రం బంకమట్టిలో ఎక్కడో జారిపోయింది.

మీరూ చూడాలనుకుంటే ఆషాఢంలో వెళ్లండి, మధ్యాహ్నం దాటాక వెళ్లండి. పొద్దున్నే పోయి కదలని రెక్కలు చూసి, గాలిమరలు దండగని ఊళ్లో చెప్పి తిరగకండి.