బిస్కెట్ల డబ్బాలో పట్టినంత

బీరువా పై అర తలుపు తీస్తే ఇప్పటికీ ముందు గంధపు సబ్బు వాసన, దాని వెనకే తడిసి ఆరిన బ్రష్షుల వాసన, ఆ రెంటి అడుగున ఎక్కడో నూనె రాసిన ఇనుము వాసన వస్తాయి. ఆ అరలో రెండు వందల రేజర్లున్నాయని సూర్యాపేట బజారంతా చెప్పుకుని తిరిగాను. మొన్న మా ఇంటామె సుగుణ చాప పరిచి లెక్కపెట్టింది. నలభై ఒకటి. అందులో ఆరింటికి పిడి లేదు.

లెక్క దాకా ఎందుకొచ్చిందంటే, రక్తం పలచబడే గోలీలు రాసిన డాక్టరు నా చెంప మీది గాటు చూసి, ఇక బ్లేడు ముట్టవద్దు, కరెంటు మిషనుతోనే గీసుకోవాలి అన్నాడు. దవాఖాన నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే సుగుణ ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి నా ముందు పెట్టింది.

"గిండ్ల పట్టినన్ని ఉంచుకో. కడమయి ఖతం జెయ్."

ఖతం చేయడం మాటలా? ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరుగుతూ, బస్సు ఆగిన పది నిమిషాల్లో పాత సామాన్ల దుకాణాలు గాలించి పోగేసినవి. రెండు సంచులు మోసుకుని మొదట సెలూనుకు పోయాను. సెలూనాయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "పెద్దాయనా, మేం వాడి పారేసేటోళ్లం. ఇయి కడుక్కుంట కూసుంటే గిరాకీ ఎల్లిపోతది," అన్నాడు. పాత ఇనుము కొనే ఆయన సంచి మూతైనా విప్పకుండా తరాజులో పెట్టబోయాడు. ఆ చేతిని పట్టుకుని ఆపి, రెండు సంచులూ మళ్లీ ఇంటికి మోశాను. కోదాడలో మేనల్లుడికిద్దామంటే వాడు గడ్డం పెంచుతున్నాడు. ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేడు, ఇంట్లో ఉంచుకుంటానంటే చోటు లేదు!

ఇంత చిరాకులోనూ ఒక్కదాని విషయంలో నాకు తర్జనభర్జన లేదు. పిడి మీద సన్నటి గళ్లు చెక్కిన ఇత్తడి రేజరు. "మా నాయనది," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ నలభై ఏళ్లుగా చూపిస్తున్నాను. డబ్బాలోకి ముందు అదే పోవాలి.

మాది కోదాడ దగ్గరి చిలుకూరులో గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన ఒక్కడే మందను తమ్ముళ్లకు వదిలి, మిర్యాలగూడ రైసు మిల్లులో పనికి కుదిరి, శనివారం సాయంత్రం తవుడు వాసనతో ఇల్లు చేరేవాడు. ఆదివారం పొద్దున ఆ తవుడు వాసన పోయి సబ్బు వాసన వచ్చేది. అరుగు మీద పీట, గుంజకు వేలాడే పగిలిన అద్దం, ఇత్తడి చెంబులో పొగలు కక్కే నీళ్లు, కొబ్బరి చిప్పలో సబ్బు ముక్క. దాని మీద బ్రష్షు గిరగిరా తిరుగుతుంటే అప్పుడే పితికిన పాలలా పొంగే నురగ, అందులోంచి నా ముక్కు కొసన ఒక చుక్క. రేజరు చెంప మీద దిగుతుంటే జొన్నచేలో కొడవలి పడ్డట్టు సన్నని చప్పుడు. అరిగిన బ్లేడుతో నాయనమ్మ కుట్లు విప్పుకునేది. బ్లేడు చుట్టిన కాగితాలు మాకు గోలీలాటలో పందెం. చివరికి నాయన పటిక బిళ్ల తడిపి గడ్డమంతా రాసుకుని, బుగ్గలు ఉబ్బించి నాకేసి చూసేవాడు. మీసం మాత్రం ముట్టేవాడు కాదు. ఆ మీసం మీద రెండు నిమ్మకాయలు నిలుస్తాయని బడిలో చెప్పేవాణ్ణి. ఒక్కటీ నిలిచేది కాదు గానీ, మంచి మీసం.

ఊళ్లో క్షవరాలు చేసే ఎల్లయ్య మామ, చంకలో కత్తుల పొది సర్దుకుంటూ మా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా, "ఏం బావా, డబ్బ కత్తి మంచిగ తెగుతున్నదా?" అని, తన దగ్గర గీయించుకోకుండా రేజరు కొనుక్కున్న నాయనను దెప్పేవాడు.

నాకు పదమూడో ఏడు. ఆ రోజు సద్దుల బతుకమ్మ. ఇల్లంతా వేయించిన నువ్వుల వాసన, మలీద ముద్దల్లో బెల్లం వాసన, తడిగుడ్డ కప్పిన తంగేడు పూల పచ్చి వాసన. బతుకమ్మకు గునుగు పూలు చాలలేదని ఆడవాళ్లంతా చేల గట్లకు పోయారు. దసరాకు కోసే యాటను చూడడానికి నాయన మంద దగ్గరికి పోయాడు. నేను నాయన రేజరు తీసి అరుగు మీద పీట వేసుకున్నాను. అప్పటికే నాకు గుబురు మీసం వచ్చిందనీ, ఒక్క గీతతో దించేశాననీ ఇన్నాళ్లూ చెప్పాను. వచ్చింది నూగు. కుడివైపు కొంచెం సరిచేద్దామనుకుంటే కుడి తగ్గింది. దానికి సమానం చేయబోతే ఎడమ మరీ తగ్గింది. చివరికి పెదవి మీద గాటు తప్ప ఏమీ మిగల్లేదు.

మా దగ్గర తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. తండ్రి పోయిన పదోనాడే తీస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. నూగు కూడా మీసమేనని తెలియదు.

పూలగంప నెత్తి మీద ఉండగానే నాయనమ్మ నన్ను చూసింది. "వారీ! బతికున్న తండ్రికి కర్మ జేస్తివారా! పండుగ పూట నా కొడుకును సంపుకుంటివారా!" గంప జారింది. వాకిట్లో ఆడవాళ్లు మూగారు; పూలు కాళ్ల కింద నలుగుతున్నాయి. అమ్మ ఏడవలేదు, నా వంక చూడనూ లేదు.

నాయన వచ్చాడు. నేను గోడకు అతుక్కుని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. పెదవి మీద చల్లగా, మంటగా పటిక తగిలింది.

"రక్తం ఆగింది తియ్," అని, రెక్క పట్టుకుని ఎల్లయ్య మామ ఇంటికి నడిపించాడు.

"బావా, వీనికి గుండు గొట్టు. నాక్కూడ. మీసాలతోని సహా. మట్టపల్లి నర్సింహసామికి మొక్కున్నం."

ఎల్లయ్య మామ నా పెదవి చూశాడు. "మొక్కైతే సామి కాడ ఇయ్యాలె గద?"

"ఎంటికలు మూటగట్టియ్యి. తీస్కపోయి కృష్ణల కలుపుత."

"డబ్బ కత్తి జేసిన పనికి మల్ల నా కత్తే గావాల్సొచ్చె," అంటూ మామ కత్తిని తోలు మీద నూరాడు. నాయన మీసం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆపి, "తియ్యమంటవా?" అని రెండుసార్లు అడిగాడు.

దసరా వచ్చింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కిన ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు నా గుండు తడిమి, "మొక్కు గుండా?" అన్నారు. తండ్రీ కొడుకుల గుండ్లు రెండూ చూశాక ఊరికి వేరే మాట దొరకలేదు. ఆ ఆదివారమే బండి కట్టుకుని మేళ్లచెరువు తెల్లరాళ్ల దారిన మట్టపల్లి పోయాం. వెంట్రుకల మూట కృష్ణలో వదిలాక, నాయన నడుముకు చుట్టిన తువ్వాలలోంచి ఇంకొకటి తీసి దూరంగా విసిరాడు. గళ్ల పిడి ఎండలో ఒక్కసారి మెరిసింది.

"ఇంట్ల ఉంచొద్దన్నది మీ నాయనమ్మ," అన్నాడు.

నాయన మీసం మళ్లీ పెరిగింది గానీ, నెరిసి వచ్చింది.

కాబట్టి నా దగ్గరున్న గళ్ల పిడి రేజరు నాయనది కాదు. కోదాడ బస్టాండు వెనక కొన్నది. మిగతా నలభై కూడా, అది కృష్ణలో పడిందని తెలిసీ, అదేనేమో అని కొని, కాదని తెలిశాక పారేయలేక దాచినవే.

మొన్న డబ్బా ముందు కూర్చుని ఈ మాట సుగుణతో చెప్పేశాను. చాప మీది రేజర్లు తుడుస్తున్న ఆమె తలైనా ఎత్తలేదు.

"నాకెరుకే. కృష్ణల ఏసిండని పెండ్లయిన కొత్తల్నే అత్తమ్మ చెప్పింది."

"మరి నలభై ఏండ్ల సంది నోరెత్తకపోతివేందే?"

"వచ్చినోళ్లకు చెప్పేటప్పుడు నీ మొకం జూసి ఊకున్న."

నలభై ఒకటీ తరాజు ఎక్కాయి. ఈసారి నేను అడ్డం పోలేదు అని రాయాలని ఉంది. పోయాను. సుగుణే నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

డబ్బాలో ఇప్పుడు ఒకే ఒక్క వస్తువుంది. నాయన పోయిన పదోనాడు ఎల్లయ్య మామ కొడుకు నా మీసం తీశాడు. తియ్యమంటవా అని అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. ఆ సాయంత్రం నాయన పెట్టెలో చింతగింజంతకు అరిగిపోయిన పటిక బిళ్ల దొరికింది. దాన్ని నేనెవరికీ చూపించలేదు, దాని మీద ఒక్క గొప్పా చెప్పలేదు. పటికను చూసి ఎవరు నోరు తెరుస్తారు?

పొద్దున్నే కరెంటు మిషను చెంప మీద గుయ్యిమంటుంది. నురగ లేదు, వేణ్నీళ్లు లేవు, జొన్నచేలో కొడవలి చప్పుడు లేదు. పాడు మిషనుకు గాటు పెట్టడమైనా చేతకాదు. అద్దంలో ఎంత వెతికినా పటిక రాసుకోవడానికి చోటు దొరకదు.